ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్లు మారుతూ నెట్టుకొచ్చే డిఫెన్స్ ఆటగాడు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఫ్రిస్కో, శాంటా క్లారా లాంటి ఊళ్ళలో ఉండి ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్) చూడడం అలవాటైన తెలుగువాళ్ళకు స్టార్ల సంగతి బాగానే తెలుసు. రోస్టర్ (జట్టు ఆటగాళ్ళ జాబితా) అడుగున ఉండేవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అవే అనుమానాలు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. వాటికి జవాబులివి. బంతితో ముందుకు సాగే పక్షం ఆఫెన్స్, దాన్ని ఆపే పక్షం డిఫెన్స్, ఆఫెన్స్‌ను నడిపి బంతి విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. జీతాల అంకెలన్నీ 2025 సీజన్‌వి. ఏ ప్రశ్న కావాలంటే దానికే నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు.

## మొదట్లో

జర్నీమ్యాన్ (ఇలా జట్లు మారుతూ ఉండేవాడు) అంటే ఆట సరిగ్గా రానివాడనా?

కాదు. 32 జట్లు, జట్టుకు 53 మంది, అంటే మొత్తం 1,696 చోట్లు. అందులో ఒకటి దక్కించుకున్నవాడికి ఆట రాదనడం అన్యాయం. అతనికి లేనిది గ్యారంటీ డబ్బు, అంటే తీసేసినా జట్టు ఇవ్వాల్సిన సొమ్ము. పెద్ద గ్యారంటీ ఉన్నవాణ్ణి తీసేస్తే జట్టుకు చేతులు కాలతాయి. ఇతన్ని తీసేస్తే ఏమీ కాదు. అందుకే ఎక్కడ ఎవరికి దెబ్బ తగిలినా, ఎక్కడ ఇంకొకరికి చోటు కావాల్సి వచ్చినా ముందు కదిలేది ఇతనే. క్యాషియస్ మార్ష్‌నే చూడండి. 2014 డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) నాలుగో రౌండ్‌లో, 108వ పిక్‌గా సియాటిల్ తీసుకుంది. తర్వాత న్యూ ఇంగ్లండ్, శాన్ ఫ్రాన్సిస్కో, అరిజోనా, జాక్సన్‌విల్, పిట్స్‌బర్గ్, షికాగో. 2021 దాకా ఇలా తిరిగాడు. 2018లో శాన్ ఫ్రాన్సిస్కోకు 5.5 సాక్‌లు (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం) చేశాడు. 2019 మార్చిలో వాళ్ళే వదిలేశారు.

డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోకపోతే ఇక అంతేనా?

అంతే కాదు. ఏడు రౌండ్లు ముగియగానే ఏజెంట్ల ఫోన్లు మోగడం మొదలవుతుంది. డ్రాఫ్ట్ అయినవాడికి నాలుగేళ్ళ ఒప్పందం, కానివాడికి మూడేళ్ళది. డ్రాఫ్ట్ కానివాడికి ఒక సౌకర్యం ఉంది, జట్టును తనే ఎంచుకోవచ్చు. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. నాలుగు వేల డాలర్లు బోనస్ ఎక్కువ వస్తుందని, తన పొజిషన్‌లో అప్పటికే ఆరుగురున్న చోట చేరతారు. చూడాల్సింది బోనస్ కాదు. ఆ పొజిషన్‌లో ఎంతమంది ఉన్నారు, వాళ్ళలో ఎందరి ఒప్పందాలు ఈ ఏడాదితో అయిపోతున్నాయి, ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో అదే పొజిషన్‌కు ఎవరినైనా తీసుకున్నారా అన్నవి చూడాలి.

జేమ్స్ హారిసన్ కెంట్ స్టేట్ నుంచి వచ్చి 2002లో డ్రాఫ్ట్ కాలేదు. పిట్స్‌బర్గ్ ఒకటికి రెండుసార్లు వదిలేసింది. బాల్టిమోర్‌లో కొన్నాళ్ళు, ఎన్‌ఎఫ్‌ఎల్ యూరప్‌లో రైన్ ఫైర్ జట్టులో కొన్నాళ్ళు గడిపి, 2004లో మళ్ళీ పిట్స్‌బర్గ్ చేరాడు. 2008 సీజన్‌లో లీగ్ మొత్తానికీ అత్యుత్తమ డిఫెన్స్ ఆటగాడు అతనే.

డిఫెన్స్‌లో ఏ పొజిషన్ వాళ్ళకు బండి ఎక్కువ కాలం నడుస్తుంది?

లైన్‌లో, అంటే ముందు వరుసలో ఆడేవాళ్ళకు. ఆఫెన్స్ లైన్‌లో ఐదుగురూ దాదాపు ఆటంతా మైదానంలోనే ఉంటారు. డిఫెన్స్ లైన్ అలా కాదు, అలుపు రాకుండా వంతులవారీగా మారుతుంటారు. అందుకే నాలుగో ఎడ్జ్ రషర్‌కు (లైన్ చివర నుంచి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్ళేవాడు) కూడా ఆదివారం పదిహేనో ఇరవయ్యో స్నాప్‌లు (ఒక్కో స్నాప్ ఒక్కో ప్లే) దొరుకుతాయి. 150 కిలోల దగ్గర బరువుండి మధ్యలో కదలకుండా నిలబడే నోస్ ట్యాకిల్‌కు ముప్పై దాటినా పిలుపు వస్తుంది, ఆ ఒళ్ళు అరుదు కాబట్టి. కార్నర్‌బ్యాక్‌లకు (అంచుల్లో బంతి అందుకునేవాళ్ళను కాసేవాళ్ళు) గిరాకీ ఎక్కువే, కానీ అర అడుగు వేగం తగ్గిందా, ఆ ఏడాదితో సరి. లైన్ వెనక ఉండే లైన్‌బ్యాకర్లు, అందరికంటే వెనక ఉండే సేఫ్టీలు నిలబడేది చాలావరకు స్పెషల్ టీమ్స్ (బంతిని తన్నే ప్లేల్లో దిగే బృందాలు) వల్లే.

డిఫెన్స్ అమరికను 3-4, 4-3 అంటారు కదా, దానివల్ల ఆటగాడికి ఏం తేడా?

ముందున్న లైన్‌మెన్ ముగ్గురా నలుగురా అన్నది పైకి కనిపించే తేడా. అసలు తేడా ఒక్కొక్కడు కాపలా కాయాల్సిన సందుల్లో (ఆఫెన్స్ లైన్‌మెన్ మధ్య ఖాళీలు) ఉంది. ఒక సందు మాత్రమే చూసుకోమంటే ముందుకు దూసుకెళ్ళే చురుకైనవాడు కావాలి. ఎదుటివాణ్ణి రెండు చేతులా పట్టి నిలబెట్టి రెండు పక్కలా చూసుకోమంటే బరువు, చేతి పొడవు కావాలి. లైన్‌మన్ నిలబడే చోటుకు అంకెలుంటాయి. సున్నా అంటే ఆఫెన్స్ లైన్ మధ్యలో ఉండే సెంటర్‌కు ఎదురుగా, 3 అంటే అతని పక్కనుండే గార్డ్ బయటి భుజం దగ్గర, 5 అంటే గార్డ్ పక్కనుండే ట్యాకిల్ బయటి భుజం దగ్గర, 9 అంటే లైన్ చివరనుండే టైట్ ఎండ్‌కు బయట. 3లో మెరిసినవాణ్ణి 5లో నిలబెడితే తేలిపోవచ్చు. జనవరిలో డిఫెన్స్ కోఆర్డినేటర్ (డిఫెన్స్‌ను నడిపే కోచ్) మారాడంటే రోస్టర్ అడుగున ఉన్న నలుగురైదుగురికి గుండెల్లో రైళ్ళు పరిగెడతాయి. వాళ్ళ ఆట చెడిపోలేదు, వాళ్ళు నిలబడే చోటే లేకుండా పోయింది.

స్పెషల్ టీమ్స్ గురించి అంత చెప్తారేంటి? అది కిక్కర్ పని కదా?

జర్నీమ్యాన్‌కు కూడు పెట్టేది అదే. 53 మందిలో ఆదివారం ఆడగలిగేది 48 మంది, అదీ అందులో ఎనిమిది మంది ఆఫెన్స్ లైన్‌మెన్ ఉంటేనే, లేకపోతే 47. క్వార్టర్‌బ్యాక్‌లు, కిక్కర్, పంటర్, తన్నేవాడికి బంతి వెనక్కి అందించే లాంగ్ స్నాపర్, ఆ లైన్‌మెన్ పోగా మిగిలినవాళ్ళతోనే కికాఫ్ (ఆట మొదలుపెడుతూ బంతి తన్నడం), కికాఫ్ రిటర్న్ (దాన్ని అందుకుని పరిగెత్తడం), పంట్ (ముందుకు సాగలేనప్పుడు బంతిని ఎదుటి జట్టుకు తన్నేయడం), పంట్ రిటర్న్ నాలుగూ నింపాలి. ఐదో లైన్‌బ్యాకర్ ఈ నాలుగింటిలోనూ ఆడగలిగితే అతను ఒక్కడే నాలుగు చోట్లు నింపినట్టు. డిఫెన్స్‌లో అతనికంటే కాస్త మెరుగైనవాడున్నా కోచ్ ఇతన్నే ఉంచుకుంటాడు.

2024లో కికాఫ్ నియమం మారింది. కిక్కర్ తన 35 గజాల గీత దగ్గరే ఉంటాడు. మిగతా పదిమంది ఎదుటి జట్టు 40 దగ్గర వరుసగా నిలబడతారు. బంతి నేలనో, అందుకునేవాణ్ణో తాకేదాకా కదలకూడదు. మునుపటిలా యాభై గజాలు పరిగెత్తి గుద్దుకునే పని పోయింది. పది గజాల్లో ఎదుటివాడి చేతులు విదిలించుకుని పడగొట్టే పని వచ్చింది. రిటర్న్‌లు పెరిగాయి. పెద్ద సేఫ్టీకి, చురుకైన లైన్‌బ్యాకర్‌కు సరిగ్గా సరిపోయే పని ఇది.

## ఆగస్టు

క్యాంపులో ఉన్న 90 మంది 53 మంది ఎలా అవుతారు?

2023 నుంచి విడతలు లేవు, ఆగస్టు చివర్లో ఒకే గడువు. లీగ్ మొత్తంలో వెయ్యి మందికి పైగా ఒక్కసారిగా బయటపడతారు. జట్లు చూసేది మొదటి 45 మందిని కాదు, వాళ్ళు ఎప్పుడో ఖాయమైపోతారు. తగవంతా చివరి ఏడెనిమిది చోట్ల మీదే. మూడో ప్రీసీజన్ ఆటలో నాలుగో క్వార్టర్‌లో పంట్ కవర్ చేసిన ఒక ఫిల్మ్ ముక్క అక్కడ పనికొస్తుంది. అదే ముక్కను మిగతా 31 జట్లూ చూస్తాయి. సొంత జట్టులో చోటు లేదని తెలిసినా ఆ ఆట ఒళ్ళు దాచుకోకుండా ఆడాల్సిన కారణం ఇదే.

'వేవ్ చేశారు', 'రిలీజ్ చేశారు': రెండూ ఒకటే కదా?

ఒకటి కాదు. నాలుగు క్రెడిటెడ్ సీజన్లు (పూర్తి జీతం మీద మూడు ఆటలకు ఉంటే ఒకటి) పూర్తి కాని ఆటగాణ్ణి వేవ్ చేస్తారు, అంటే వేవర్స్ జాబితాలో పెడతారు. మామూలుగా మర్నాటి సాయంత్రం నాలుగింటి దాకా (తూర్పు సమయం) మిగతా జట్లు అతన్ని కోరుకోవచ్చు. ఒకటికి మించి జట్లు కోరితే మూడో వారం దాకా డ్రాఫ్ట్ వరుస ప్రకారం, అంటే కిందటేడు బలహీనంగా ఆడినవాళ్ళకు ముందు దక్కుతాడు. ఆ తర్వాత ఈ ఏడాది గెలుపోటముల్లో అట్టడుగున ఉన్న జట్టుకు ముందు. పాత ఒప్పందం ఉన్నదున్నట్టు కొత్త జట్టుకు బదిలీ అవుతుంది, ఇష్టం లేకపోయినా వెళ్ళాల్సిందే. నాలుగు సీజన్లు దాటినవాణ్ణి రిలీజ్ చేస్తే ఆ క్షణం నుంచీ స్వతంత్రుడు. ఒక మెలిక ఉంది. ట్రేడ్ గడువు (జట్లు ఆటగాళ్ళను ఇచ్చిపుచ్చుకునే చివరి రోజు, తొమ్మిదో వారం తర్వాతి మంగళవారం) దాటాక ఎంత సీనియర్ అయినా వేవర్స్ గుండానే పోవాలి. క్యాషియస్ మార్ష్‌కు నాలుగేళ్ళు నిండకముందే, 2017 నవంబరులో, న్యూ ఇంగ్లండ్ వదిలేస్తే శాన్ ఫ్రాన్సిస్కో వేవర్స్‌లోనే పట్టుకుంది.

కట్ చేసిన రోజు ఏం జాగ్రత్త తీసుకోవాలి?

పొద్దున్నే ఒక ఉద్యోగి వచ్చి, కోచ్ పిలుస్తున్నారు, ఐప్యాడ్ పట్టుకురండి అంటాడు. ఐప్యాడ్ అన్నాడంటే విషయం అర్థమైనట్టే, ప్లేబుక్ (జట్టు ఆట పథకాల పుస్తకం) అందులోనే ఉంటుంది. తర్వాత ఎగ్జిట్ ఫిజికల్, అంటే వెళ్ళేముందు వైద్య పరీక్ష. అసలు జాగ్రత్త ఇక్కడ కావాలి. ఇంటికి పోయే తొందరలో అన్నీ బాగానే ఉన్నాయని సంతకం పెట్టేస్తే, తర్వాత మోకాలి వాపు బయటపడినప్పుడు అది ఆ జట్టు దగ్గర తగిలిందేనని నిరూపించుకోవడం కష్టం. వేలి బెణుకు దగ్గర్నుంచి ప్రతిదీ కాగితం మీద రాయించాలి. నకలు తీసుకోవాలి. ఏజెంట్‌కు అదే రోజు పంపాలి.

## ప్రాక్టీస్ స్క్వాడ్

ప్రాక్టీస్ స్క్వాడ్‌లో ఉంటే జట్టులో ఉన్నట్టా, లేనట్టా?

సగం సగం. 53కి బయట ఉండి జట్టుతో సాధన చేసేవాళ్ళు వీళ్ళు. ఐపీఎల్‌లో నెట్ బౌలర్ కంటే పై మెట్టు, 53లో ఉన్నవాడికంటే కింది మెట్టు. చోట్లు 16. అందులో ఆరింట్లో ఎంత సీనియర్ అయినా ఉండొచ్చు. వారమంతా రాబోయే ప్రత్యర్థి డిఫెన్స్ వేషం కడతాడు. కార్డు మీద గీసి చూపించినట్టు నిలబడి సొంత ఆఫెన్స్‌కు సాధన ఇస్తాడు. వారానికి 13,000 డాలర్లు, సీనియర్‌కు 17,500 నుంచి 22,000 వరకు. ఒప్పందం వారం వారందే, ఏ రోజైనా తీసేయొచ్చు.

ఎలివేషన్ అంటే ఏమిటి?

ఆటకు ముందు రోజు ప్రాక్టీస్ స్క్వాడ్ నుంచి ఇద్దర్ని పైకి తెచ్చుకోవచ్చు. ఆట అయ్యాక వేవర్స్ లేకుండానే కిందికి వెళ్ళిపోతారు. ఆ వారానికి 53లో ఉన్నవాడి కనీస జీతం లెక్కన ఇస్తారు. ఒక్కొక్కరికి సీజన్‌లో మూడుసార్లే ఈ వెసులుబాటు. నాలుగోసారి కావాలంటే 53లో చోటిచ్చి సంతకం చేయించుకోవాలి. మూడో ఎలివేషన్ అయిపోయిన వారం ఆటగాడికి కత్తి మీద సామే. ఉంచుకుంటారో, వదిలేసి ఇంకొకణ్ణి తెచ్చుకుంటారో ఆ సోమ, మంగళవారాల్లో తేలుతుంది.

వేరే జట్టు 53లోకి పిలిస్తే వెళ్ళిపోవచ్చా?

వెళ్ళొచ్చు, సొంత జట్టు ఆపలేదు. వారానికి నలుగురిని మాత్రం 'ప్రొటెక్ట్' చేసుకోవచ్చు, వాళ్ళను ఆ వారం ఎవరూ పట్టుకుపోలేరు. తీసుకెళ్ళిన జట్టు కనీసం మూడు వారాల జీతం ఇవ్వాల్సిందే. వచ్చే ఆదివారం ప్రత్యర్థి పిలిస్తే మాత్రం ఆటకు ఆరు రోజుల ముందే సంతకం అయిపోవాలి. డబ్బు మూడింతలు కాబట్టి సాధారణంగా వెళ్ళడమే మంచిది. అయితే ఉన్నచోట ముందున్నవాడు ఆ వారమే గాయపడితే కాస్త ఆగి బేరమాడొచ్చు, సొంత జట్టే 53లోకి పిలిచే అవకాశం ఎక్కువ.

## సీజన్ మధ్యలో

మంగళవారం ట్రయౌట్‌లో (తీసుకునే ముందు పరీక్షించి చూడడం) ఏం చేయిస్తారు?

మంగళవారం ఆటగాళ్ళకు సెలవు, మైదానం ఖాళీగా ఉంటుంది. ముందు వైద్య పరీక్ష. పాత సర్జరీల ఎంఆర్‌ఐ కాపీలు చేతిలో లేకపోతే సగం రోజు అక్కడే పోతుంది. తర్వాత అరగంట, ముప్పావు గంట కసరత్తు. ఎడ్జ్ రషర్‌ను వంపు తిరిగి పరిగెత్తమంటారు, చేతులతో డమ్మీని కొట్టిస్తారు. కార్నర్‌ను వెనక్కి నడిపించి, ఒక్కసారిగా తిప్పి బంతి పట్టిస్తారు. ఆట ఎలా ఆడతాడో ఫిల్మ్‌లో ముందే చూసేశారు. ఇక్కడ చూసేది ఒకటే, ఆట లేక మూడు వారాలు ఇంట్లో కూర్చున్నవాడికి ఒళ్ళు సిద్ధంగా ఉందా లేదా. చాలాసార్లు అదే పొజిషన్‌కు నలుగురైదుగుర్ని పిలుస్తారు, ఎవరికీ సంతకం పెట్టించకుండా పంపేస్తారు. అది అవమానం కాదు. ఎవరైనా గాయపడితే పిలవడానికి జాబితా తయారు చేసుకుంటున్నారంతే.

బుధవారం చేరినవాడు ఆదివారం ఎలా ఆడతాడు?

ప్లేబుక్ మొత్తం నేర్చుకోడు. బుధవారం మొదటి, రెండో డౌన్ (పది గజాలు సాగడానికి ఆఫెన్స్‌కు దొరికే నాలుగు ప్రయత్నాల్లో ఒకటి) పథకాలు, గురువారం మూడో డౌన్, శుక్రవారం రెడ్ జోన్ (గోల్ గీత ముందున్న చివరి ఇరవై గజాలు), శనివారం నడిచి చూసుకోవడం. కొత్తవాడికి కోచ్ ఒక చిన్న మెనూ ఇస్తాడు, రెండు ఫ్రంట్లు (ముందు వరుస అమరికలు), మూడు కవరేజ్‌లు (పాస్‌ను కాసే పద్ధతులు), కికాఫ్‌లో ఒక చోటు.

కష్టం పేర్లతో వస్తుంది. కవర్ 3లో (వెనక భాగాన్ని ముగ్గురు పంచుకునే కవరేజ్) బయటి తక్కువ దూరం సేఫ్టీ చూసుకుంటే స్కై అని, కార్నర్ చూసుకుంటే క్లౌడ్ అని చాలా చోట్ల పిలుస్తారు. కొత్త జట్టులో అదే కవరేజ్‌కు ఏదో జంతువు పేరో, ఊరి పేరో ఉంటుంది. అనుభవజ్ఞుడు కొత్త పేరును తనకు తెలిసిన పాత పేరు పక్కన రాసుకుని కంఠతా పడతాడు. దెబ్బతినేది ఎక్కడంటే, ఆఫెన్స్ ఒక ఆటగాణ్ణి ఈ పక్క నుంచి ఆ పక్కకు కదిలించినప్పుడు. అప్పుడు పిలుపు మారిపోతుంది, మార్చుకోవడానికి రెండు సెకన్లే ఉంటాయి. హెల్మెట్‌పై ఆకుపచ్చ చుక్క ఉన్న ఒక్క డిఫెండర్‌కే కోచ్ మాట రేడియోలో వినిపిస్తుంది, అదీ ప్లే క్లాక్ (ప్లే మొదలుపెట్టడానికి ఉన్న సమయం చూపే గడియారం) 15 సెకన్లకు రాగానే ఆగిపోతుంది. మిగతాదంతా సైగలు, అరుపులు. వారం క్రితం వచ్చినవాడు తప్పు సందులో కనిపించాడంటే కారణం చాలాసార్లు ఇదే.

పాత జట్టు రహస్యాలు రాబట్టడానికే తీసుకుంటారట, నిజమేనా?

కొంత నిజం, చాలా అతిశయోక్తి. ఇతను వెళ్ళిపోయాడని తెలియగానే పాత జట్టు సైగలు మార్చేస్తుంది. మిగిలేది చిన్న చిన్న సంగతులు, ఫలానా ట్యాకిల్ పాస్‌కు వెనక్కి వాలి నిలబడతాడు, రన్‌కు ముందుకు ఒరుగుతాడు లాంటివి. వాటికోసం ఒక రోస్టర్ చోటు ఖర్చు పెట్టరు.

ఒక్క ప్లేతో పేరు వచ్చేయడమో, పోవడమో జరుగుతుందా?

జరుగుతుంది, కానీ కోచ్‌లు చూసేది వేరు. 2021 నవంబరు 8న సోమవారం రాత్రి ఆటలో, షికాగోలో చేరి కొద్ది రోజులే అయిన క్యాషియస్ మార్ష్ మూడో డౌన్‌లో తన పాత జట్టు పిట్స్‌బర్గ్ క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టాడు. ఎదుటి బెంచి వైపు నాలుగడుగులు వేసి చూశాడు. టాంటింగ్ (ఎదుటివాళ్ళను రెచ్చగొట్టడం) అని రిఫరీ జెండా పడింది, పిట్స్‌బర్గ్‌కు ఫస్ట్ డౌన్ (మళ్ళీ కొత్తగా నాలుగు ప్రయత్నాలు) దక్కింది, చివరికి 29-27తో గెలిచింది. ఆ జెండా న్యాయమా కాదా అని దేశమంతా వాదించుకుంది. జెండా చూసి జనం వాదించుకుంటారు, స్కౌట్లు (జట్ల కోసం ఆటగాళ్ళను వెతికేవాళ్ళు) మాత్రం నాలుగో క్వార్టర్‌లో కూడా ట్యాకిల్‌ను దాటగలిగాడన్నది రాసుకుంటారు. సాక్ రికార్డులో అలాగే ఉంది.

## డబ్బు

కనీస జీతమే కోట్లలో ఉంది కదా, ఇక భయమెందుకు?

ఏడాది జీతం వారానికి ఇంతని 18 భాగాలుగా సంపాదించుకోవాలి, ఉన్న వారానికే చెల్లు. నాలుగు నుంచి ఆరు క్రెడిటెడ్ సీజన్లున్నవాడి కనీసం 11,70,000 డాలర్లు, అంటే వారానికి 65,000. కొత్తవాడిది 8,40,000. ఐదు వారాలు ఉండి వెళ్ళిపోతే ఐదు భాగాలే. ఫెడరల్ పన్ను, ఆడిన ప్రతి రాష్ట్రంలో ఆ రోజుల వంతు పన్ను, ఏజెంట్‌కు మూడు శాతం దాకా పోతాయి. టెక్సస్, ఫ్లోరిడా, టెనెసీ, నెవాడాల్లో రాష్ట్ర ఆదాయపన్ను లేదు, చేతికొచ్చే మొత్తంలో ఈ తేడా బాగా తెలుస్తుంది. ఇవికాక రెండేసి అద్దెలు. ఇల్లు ఏడాదికి అద్దెకు తీసుకున్న జర్నీమ్యాన్ సాధారణంగా డిసెంబరు నాటికి చింతిస్తాడు. నెలవారీ హోటలే మేలు.

సీనియర్ ఖరీదెక్కువ కదా, కుర్రవాణ్ణే ఎందుకు తీసుకోరు?

ఆ బెడద తగ్గించడానికే ఒక నియమం ఉంది. నాలుగు సీజన్లు దాటినవాడు కనీస జీతానికి, చిన్న బోనస్‌తో, ఏడాది ఒప్పందం చేసుకుంటే జట్టు జీతాల పరిమితిలో రెండేళ్ళవాడి కనీసమే లెక్కిస్తారు. ఏడేళ్ళు దాటినవాడికి 12,55,000 ఇచ్చినా పరిమితిలో పడేది 10,30,000 మాత్రమే.

ఆగస్టులో తీసేసి, సెప్టెంబరు రెండో వారంలో మళ్ళీ అతన్నే తీసుకుంటారు. ఇదేం వింత?

వింత కాదు, లెక్క. నాలుగు సీజన్లున్నవాడు మొదటి ఆట నాటికి 53లో ఉంటే, తర్వాత తీసేసినా ఆ ఏడాది మిగతా జీతం కోరవచ్చు. జీవితంలో ఒక్కసారే వాడుకోగల హక్కు ఇది. దాన్ని తప్పించుకోవడానికి జట్లు ఒక వారం ఆగుతాయి. చూడ్డానికి చిల్లరగా ఉంటుంది, నియమాల ప్రకారం తప్పు లేదు.

క్రెడిటెడ్ సీజన్, అక్రూడ్ సీజన్ తేడా ఏమిటి?

పూర్తి జీతం మీద మూడు ఆటలకు ఉంటే క్రెడిటెడ్. కనీస జీతం మెట్లు, పెన్షన్ దీని మీద నడుస్తాయి, మూడు ఉంటే పెన్షన్ హక్కు. ఆరు ఆటలకు ఉంటే అక్రూడ్. ఫ్రీ ఏజెన్సీ (నచ్చిన జట్టుతో ఒప్పందం చేసుకునే హక్కు) దీని మీద నడుస్తుంది, నాలుగు ఉండి ఒప్పందం ముగిస్తే పూర్తి స్వేచ్ఛ. ప్రాక్టీస్ స్క్వాడ్ వారాలు అక్రూడ్‌కు కలవవు. ఐదు ఆటల దగ్గర ఆగిపోయినవాణ్ణి ఆరో ఆటకు ఎక్కడో ఒకచోట చేర్చడానికి ఏజెంట్ నానా తంటాలు పడేది అందుకే.

## గాయాలు, ముగింపు దశ

దెబ్బ తగిలితే జీతం ఆగిపోతుందా?

ఆటలోనో సాధనలోనో తగిలితే ఆ సీజన్‌లో ఊరికే తీసేయడానికి లేదు. ఇంజర్డ్ రిజర్వ్‌లో (గాయపడినవాళ్ళ జాబితా) పెడితే కనీసం నాలుగు ఆటలు దూరం. జట్టు సీజన్‌లో ఎనిమిదిసార్లే ఇలా వెనక్కి తెచ్చుకోగలదు, ఆ ఎనిమిదిలో జర్నీమ్యాన్ వంతు తరచుగా రాదు. 'స్ప్లిట్' ఒప్పందం ఉంటే రిజర్వ్‌లో ఉన్నన్నాళ్ళూ జీతం తగ్గుతుంది. సంతకానికి ముందే ఆ గీత చదవాలి. ఇంకో దారి సెటిల్‌మెంట్, కోలుకోవడానికి ఇన్ని వారాలని ఒప్పుకుని, ఆ వారాల జీతం తీసుకుని విడిపోవడం. తొందరపడి మూడు వారాలకు ఒప్పుకుంటే, ఆరు వారాలు కుంటినా మిగతా మూడు వారాలూ సొంత ఖర్చే.

కెనడా లీగ్, అమెరికాలోని చిన్న లీగ్ యూఎఫ్‌ఎల్ వైపు వెళ్తే తిరిగి రాగలరా?

రాగలరు. క్యామరన్ వేక్‌ను 2005లో ఎవరూ డ్రాఫ్ట్ చేయలేదు, న్యూయార్క్ జెయింట్స్ వదిలేసింది. 2007, 2008లో బీసీ లయన్స్‌కు ఆడి రెండేళ్ళూ కెనడా అత్యుత్తమ డిఫెన్స్ ఆటగాడయ్యాడు. 2009లో మయామి తెచ్చుకుంది. 100.5 సాక్‌లతో ముగించాడు. కెనడాలో 12 మంది, మూడే డౌన్‌లు, డిఫెన్స్ బంతికి గజం వెనక ఉండాలి. ఆ గజం దాటి క్వార్టర్‌బ్యాక్‌ను అందుకున్నవాడి తొలి అడుగు ఎంత వేగమో స్కౌట్లకు తెలుస్తుంది. యూఎఫ్‌ఎల్ వసంతంలో ఆడుతుంది, అక్కడ బాగా ఆడితే జులై క్యాంపుకు పిలుపు అందుతుంది.

మన దేశ మూలాలున్నవాళ్ళు ఎవరైనా ఇలా ఆడారా?

లైన్‌బ్యాకర్ బ్రాండన్ చిల్లర్. తండ్రి వైపు భారతీయ మూలాలు. యూసీఎల్‌ఏ నుంచి 2004లో నాలుగో రౌండ్‌లో సెయింట్ లూయిస్ రామ్స్ తీసుకుంది, 2008లో గ్రీన్ బే చేరాడు. భారత్‌లో ఈ ఆటను నిలబెట్టాలని 2012లో నడిచిన ఎలైట్ ఫుట్‌బాల్ లీగ్‌కు అతనూ అండగా ఉన్నాడు. అందులో హైదరాబాద్ పేరుతో స్కైకింగ్స్ అనే జట్టు కూడా ఉండేది.

ఎప్పుడు మానేయాలి, మానేశాక ఏం మిగులుతుంది?

చాలామంది మానేయరు, ఫోన్ రావడం ఆగిపోతుంది. అక్టోబరు చివరిదాకా పొజిషన్‌లో గాయాలైనా ట్రయౌట్ పిలుపు కూడా రాలేదంటే జట్ల జాబితాల్లోంచి పేరు జారిపోయిందని అర్థం. పెన్షన్ హక్కు వచ్చినవాడికి ఆట మానేశాక ఐదేళ్ళ వరకు లీగ్ ఆరోగ్య బీమా ఉంటుంది. పాత మోకాలు, భుజం పనులేవైనా ఉంటే ఆ ఐదేళ్ళలోనే చేయించుకోవాలి. గాయాల పరిహారం దరఖాస్తుకు గడువు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఏడు రాష్ట్రాల్లో ఆడినవాడు ఎక్కడ వేయాలన్నది లాయర్‌ను మొదటి ఏడాదిలోనే అడగడం మంచిది. ఎగ్జిట్ ఫిజికల్ నకళ్ళు ఆ లాయర్‌కే ఇవ్వాలి.